నమ్మకానికి కొలత ఉండాలి

ఒకే మోడల్ కారు కొన్న ఇద్దరిని ఊహించుకోండి. మొదటాయన బండి ఇంటికి తెచ్చిన వారంలోనే, బండిని గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్ ఆపేయించారు. క్రూయిజ్ కంట్రోల్ బటన్ జోలికే పోలేదు. నా కాలు చేసే పని దానికెందుకు అప్పగించాలన్నది ఆయన వాదన. రెండో ఆయన నెల తిరిగేసరికి ఔటర్ రింగ్ రోడ్డు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయని కారును నమ్మించడానికి స్టీరింగ్‌లో నీళ్ల సీసా ఇరికించే వీడియోలు మనందరం చూసినవే. ఒకరిది జాగ్రత్త, ఇంకొకరిది దుడుకుతనం అని తేలిగ్గా తీర్పు చెప్పేస్తాం. కానీ ఇద్దరి పొరపాటూ ఒకే చోట మొదలైంది. 'ఈ కారును నమ్మాలా, వద్దా' అన్న ఒక్క ప్రశ్నకే ఇద్దరూ జవాబు వెతుక్కున్నారు. ఒకరికి 'వద్దు' అని తోచింది, ఇంకొకరికి 'సరే' అని తోచింది. అసలు ఆ ప్రశ్నే సరైంది కాదు. ఆ కారులో అరడజను పనివాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరి చూపు వేరు, బలం వేరు, చేతులెత్తేసే చోటు వేరు. ఇంట్లో వంటమనిషిని వంటకు నమ్ముతాం, తోటమాలిని మొక్కలకు నమ్ముతాం. బీరువా తాళాలు మాత్రం ఇద్దరికీ ఇవ్వం. కారులోని సాయాల విషయంలోనూ మనకు కావలసింది ఇలాంటి కొలత ఉన్న నమ్మకమే.

ఇది తీరిక కబుర్లలో తేల్చుకునే సంగతి కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఈ పరిస్థితుల్లో, కొన్నేళ్ల కిందట ఖరీదైన విదేశీ కార్లలోనే కనిపించిన రాడార్లూ కెమెరాలూ 2021 నుంచి మధ్యతరగతి కొనే కార్లలోకీ దిగాయి. డ్రైవరుకు తోడ్పడే ఈ ఏర్పాట్లకు పెట్టిన 'అడాస్' అన్న మాట షోరూమ్‌లో రోజూ వినిపిస్తోంది. భారతదేశంలో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రాజా పరశురామన్, విక్టర్ రైలీ అనే మరో పరిశోధకుడితో కలిసి 1997లో రాసిన వ్యాసంలో మనిషికీ స్వయంచాలక యంత్రానికీ మధ్య సంబంధం చెడే తీరులను వేరుచేసి చూపారు. వాటిలో రెండు ఇక్కడ ముఖ్యం. అతిగా నమ్మి తగని చోట వాడడం ఒకటి. నమ్మక, పనికొచ్చే చోట కూడా పక్కన పెట్టేయడం రెండోది. మన ఇద్దరు కారు యజమానులూ ఆ రెండు గదుల్లో చెరొక దానిలో సరిగ్గా ఇమిడిపోతారు.

ముందుగా ఏ పనివాడు ఎంత నికరమో చూద్దాం. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే హైవే భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్, పోలీసు రికార్డుల్లోని ప్రమాదాలను ఏళ్ల తరబడి లెక్కగట్టింది. ముందు బండిని గుద్దబోతున్నామని హెచ్చరించి, మనం స్పందించకపోతే తానే బ్రేకు వేసే ఏర్పాటున్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దడం సగానికి తగ్గింది. హెచ్చరిక మాత్రమే ఉంటే ఆ తగ్గుదల 27 శాతం. పక్క అద్దంలో కనపడని బండిని చూపించే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక వల్ల లేన్ మారేటప్పటి ప్రమాదాలు 14 శాతం తగ్గాయి. లేన్ దాటుతున్నామని చెప్పే హెచ్చరిక వల్ల, దానికి సంబంధించిన ప్రమాదాలు 11 శాతం తగ్గాయి. అదే, వేగాన్నీ స్టీరింగ్‌నీ నిరంతరం తానే చూసుకునే సౌకర్యాల దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. అవి ప్రమాదాలను తగ్గిస్తున్నాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని 2024లో ఆ సంస్థే చెప్పింది. ఇందులో మనం పట్టుకోవలసిన తేడా ఉంది. నిజంగా ప్రాణం కాపాడేవి మామూలుగా మౌనంగా ఉండి, ఆపద వేళ ఒక్క క్షణం ముందుకొచ్చే సాయాలు. స్నేహితులకు చూపించుకోవడానికి బాగుండేవి, వీడియోల్లోకి ఎక్కేవి మాత్రం సుఖం కోసం పెట్టినవి. విచారమేమిటంటే జనం ఆపేసేది మొదటి రకాన్నే. 2017లో అమెరికాలో సర్వీసింగ్‌కు వచ్చిన కార్లను పరిశీలిస్తే, లేన్ హెచ్చరిక దాదాపు సగం కార్లలో ఆపేసి ఉంది. అదేపనిగా కూస్తోందన్న విసుగే దానికి ముఖ్య కారణం. విసుగు పుట్టించే సాయాన్ని మనిషి భరించడు. అది ఎంత మంచిదైనా సరే.

ఇక క్రూయిజ్ కంట్రోల్ సంగతి. దీని మూలపురుషుడు రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజినీరు. ఆయనకు చిన్నతనంలోనే చూపు పోయింది. డ్రైవరు మాటల్లో పడి కాసేపు వేగం పెంచుతూ కాసేపు తగ్గిస్తూ ఉంటే పక్కన కూర్చున్న ఆయన ఒళ్లు ఆ కుదుపును పట్టుకుంది, ఆలోచన అక్కడే మొదలైందని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రిస్లర్ కార్లలోకి ఎక్కింది. ఆ తొలి పరికరానికి తెలిసింది ఒక్కటే: పెట్టిన వేగాన్ని నిలపడం. ముందు ఏముందన్నది దాని పనే కాదు. నేటికీ మన దగ్గర చాలా కార్లలో ఉన్నది ఈ సాదా రకమే. తర్వాత 1990లలో లేజర్లూ రాడార్లూ తోడై, ముందు బండితో దూరం పాటించే అడాప్టివ్ రకం వచ్చింది. ముందు బంపరు వెనకో గ్రిల్ వెనకో ఉన్న రాడార్ ముందు బండి దూరాన్నీ, అది ఎంత వేగంతో దగ్గరవుతోందో దాన్నీ కొలుస్తుంది. అద్దం వెనక ఉన్న కెమెరా అది కారో లారీయో మోటారు సైకిలో గుర్తుపడుతుంది. మనం ఎంచుకున్న ఎడం, మాటవరసకు రెండు సెకన్లు, చెడకుండా కారు తానే వేగం తగ్గించి పెంచుకుంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే సుమారు 55 మీటర్లు.

ఇప్పుడు దాని బలం ఎంతో చూడండి. ప్రయాణం కుదుపు లేకుండా సాగాలని ఈ రకం క్రూయిజ్ కంట్రోల్ బ్రేకును మెత్తగానే వేస్తుంది. కారు బ్రేకులకున్న సత్తాలో సగాన్నైనా వాడదు. అంత మెత్తటి బ్రేకుతో 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే దాదాపు 110 మీటర్లు కావాలి. మనిషి కాలు బిగించి తొక్కితే పొడి రోడ్డు మీద 50 మీటర్లకు అటూ ఇటూగా ఆగిపోవచ్చు. అంటే ముందు బండి మామూలుగా వేగం తగ్గించినంతసేపూ క్రూయిజ్ కంట్రోల్ నమ్మకస్తుడే. అది ఒక్కసారిగా ఆగిపోతే అప్పుడు పని మన కాలిది, లేదా ఆఖరి క్షణంలో వచ్చే ఎమర్జెన్సీ బ్రేకుది. ఆ ఎమర్జెన్సీ బ్రేకుకూ హద్దుంది. వేగం బాగా ఎక్కువైతే గుద్దడాన్ని పూర్తిగా ఆపలేకపోవచ్చు, గుద్దే వేగాన్ని తగ్గిస్తుంది. అదీ చిన్న మేలు కాదు. 60 మీద గుద్దాల్సింది 40 మీద గుద్దితే దెబ్బలోని శక్తి సగానికన్నా తక్కువకు పడిపోతుంది.

క్రూయిజ్ కంట్రోల్ చూపులోనూ ఒక పెద్ద గుంట ఉంది. రాడార్‌కు రోడ్డు పక్క బోర్డులు, రెయిలింగులు, వంతెనల ఇనుము, మ్యాన్‌హోల్ మూత, అన్నీ కనపడతాయి. కదలని ప్రతి వస్తువుకీ బ్రేకు వేస్తే కారు రోడ్డు మీద నడవనే నడవదు. అందుకని చాలా ఏర్పాట్లలో కదులుతున్న వాటికి ఎక్కువ విలువ ఇచ్చి, ఆగివున్న వాటిని చాలావరకు వడగట్టేస్తారు. కొత్త కార్లలో కెమెరా ఈ లోపాన్ని కొంత పూడుస్తోంది కానీ పూర్తిగా పూడ్చలేదు. 2018 జనవరిలో కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీ దగ్గర టెస్లా కారు ఒకటి, వేగాన్నీ స్టీరింగ్‌నీ చూసుకునే ఆటోపైలట్ మీద, ముందు బండి వెనకే నింపాదిగా పోతోంది. ఆ ముందు బండి పక్క లేన్‌లోకి తప్పుకుంది. దారి ఖాళీ అయిందనుకున్న కారు, పెట్టిన వేగాన్ని అందుకోవడానికి వేగం పెంచి, అక్కడ ఆగివున్న అగ్నిమాపక వాహనాన్ని గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దింది. ఎవరికీ గాయాలు కాలేదు కాబట్టి అది పాఠంగా మిగిలింది. యంత్రం ఆ రోజు చెడిపోలేదు. తనకు నేర్పిన పని తను చేసింది. ఆ పనిలో లేని భాగాన్ని చూడవలసిన మనిషి చూడలేదు.

ఆ అగ్నిమాపక వాహనం స్థానంలో మన లారీని పెట్టి చూడండి. రాత్రి రెండు గంటలప్పుడు, హైవే అంచున సగం రోడ్డు మీదికే వచ్చి ఆగిన ఇసుక లారీ. వెనక లైట్లు వెలగవు. రిఫ్లెక్టర్ మీద బురద. టైరు పంక్చరైతే హెచ్చరికగా వెనక నాలుగు రాళ్లో, విరిచిన చెట్టు కొమ్మో పెట్టి ఉంటారు. కొమ్మను రాడార్ పట్టించుకోదు. కోతల కాలంలో మన ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యం, దాని చుట్టూ హద్దుగా వరసపెట్టిన రాళ్లు, సాయంత్రానికి కుప్పజేసి కప్పిన నల్ల పట్టా. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా కెమెరాకు వస్తువుగా కనపడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గడ్డి నింపుకుని రోడ్డంతా ఆక్రమించి పోయే ట్రాక్టరు ట్రాలీ, డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, వానకు చెరిగిపోయిన తెల్లగీతలు, చలికాలపు వేకువ పొగమంచు, ఇవన్నీ ఆ యంత్రాలకు కష్టకాలాలే. నల్లమల, అరకు ఘాట్ల మలుపుల్లో రాడార్ సూటిగా చూస్తుంటే రోడ్డు పక్కకు తిరిగిపోతుంది. జోరువానలో క్రూయిజ్ కంట్రోల్ పెట్టుకోవడం అసలే కూడదు. నిలిచిన నీటి మీద చక్రం పట్టు తప్పిన క్షణాన కాలు వెనక్కి తీయవలసింది పోయి, యంత్రం వేగాన్ని నిలపాలని చూస్తుంది.

ఇంతకన్నా లోతైన ప్రమాదం రోడ్డు మీద కాదు, మన అలవాటులో ఉంది. ఐఐహెచ్ఎస్, ఎంఐటీ పరిశోధకులు కలిసి 2020లో వెల్లడించిన అధ్యయనంలో మాసచూసెట్స్‌కు చెందిన 20 మందికి ఇలాంటి కార్లు ఇచ్చి నెల రోజులు గమనించారు. స్టీరింగ్ సాయం ఉన్న కారులో, మొదట్లో చాలా అప్రమత్తంగా ఉన్నవాళ్లే నెల తర్వాత రోడ్డు మీద ధ్యాస తప్పే సూచనలు రెండింతలకు పైగా చూపారు. ఆ సాయానికి అలవాటు పడ్డాక, తామే నడిపేటప్పటితో పోలిస్తే రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసేయడం 12 రెట్లకు మించింది. వీళ్లెవరూ బాధ్యత లేని మనుషులు కారు. యంత్రం ముప్పై రోజులు తప్పు చేయకపోతే ముప్పై ఒకటో రోజు మనసు తనంతట తానే నిఘా సడలిస్తుంది. వెనకటికి సంత నుంచి తిరిగొచ్చే రైతు బండిలోనే కునుకు తీసేవాడు, ఎడ్లు దారి తప్పకుండా ఇల్లు చేర్చేవి. ఆ నమ్మకం గుడ్డిది కాదు. ఎడ్లకు దారి తెలుసు, గుంత కనపడితే ఆగుతాయి, ఎందుకంటే పడితే ముందు పడేది అవే. వాటి వేగం కూడా మనిషి నడక వేగమే. కారుకు ఆ భయం లేదు. గుంత ముందు ఆగాలన్న తపన దానికి పుట్టదు. మన బుద్ధి మాత్రం ఎడ్లబండి నాటి నమ్మకాన్నే తెచ్చి వంద కిలోమీటర్ల వేగానికి తగిలించాలని చూస్తుంది.

ఈ బలహీనత తెలిసి కూడా తయారీదారులు తగినంత జాగ్రత్తపడలేదన్నది నిజం. నడిపే పనంతా తనదే అనిపించే పేర్లు పెట్టారు. 2016 మేలో ఫ్లోరిడాలో ఆటోపైలట్ మీదున్న కారు ఒకటి, రోడ్డుకు అడ్డంగా మలుపు తిరుగుతున్న ట్రక్కు ట్రైలర్‌ను గుర్తించక దాని కిందికి దూసుకుపోయి డ్రైవరు మరణించాడు. యంత్రం మీద అతిగా ఆధారపడడం, దానికి వీలిచ్చేలా ఆ ఏర్పాటు ఉండడం, రెండూ కారణాలేనని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. 2023 డిసెంబరులో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసి, డ్రైవరు ధ్యాసను గమనించే ఏర్పాటును సాఫ్ట్‌వేర్‌తో కట్టుదిట్టం చేయాల్సి వచ్చింది. 2024 మార్చిలో ఐఐహెచ్ఎస్ ఇలాంటి 14 ఏర్పాట్లను పరీక్షిస్తే, డ్రైవరు ధ్యాస నిలిపే విషయంలో 11 నాసిరకమని తేలాయి. ఒక్కటే పరవాలేదనిపించుకుంది.

ఇదంతా విన్నవాళ్లు, అయితే మన రోడ్లకు ఇవి పనికిరావు, తీసిపారేయండి అనవచ్చు. ఆ మాటలో సగం నిజముంది. సిరిసిల్ల సందుల్లోనో విజయవాడ బీసెంట్ రోడ్డులోనో లేన్ అసిస్ట్‌కు చేసే పనే లేదు. కానీ మన రోడ్లన్నీ ఒకటి కాదు. హైదరాబాద్ ఔటర్ 158 కిలోమీటర్ల పొడవున, ఎదురు బండి రాని, గీతలున్న, ఎనిమిది వరసల దారి. ఒక్కో దిశలో కుడివైపు రెండు లేన్లలో 120, ఎడమవైపు రెండింట్లో 80 పరిమితి. క్రూయిజ్ కంట్రోల్‌కు ఇంతకన్నా అనువైన చోటు మనకు లేదు. వేగ పరిమితి దాటకుండా చూడడమే అది చేసే మొదటి మేలు. మన రోడ్డు మరణాల్లో అతివేగం వాటా మిగతా కారణాలన్నిటికంటే ఎక్కువని ప్రభుత్వ నివేదికలు ఏటా చెబుతున్నాయి. ఎడం వదిలితే ఎవరో ఒకరు దూరిపోతారన్న ఫిర్యాదు ఇంకొకటి. దూరనివ్వండి. బండి దూరిన ప్రతిసారీ మన కారు వెనక్కి తగ్గేది రెండు సెకన్ల దూరమే. యాభై బండ్లు దూరినా పోయేది వంద సెకన్లు, రెండు నిమిషాలైనా కాదు. దానికి బదులు దారి పొడవునా ఆగడానికి చోటు మిగులుతుంది.

ఎలాగూ నేనే చూస్తూ ఉండాలన్నప్పుడు ఇక దాని ఉపయోగమేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. మన దగ్గర మధ్యతరగతి ధరల్లో అమ్ముతున్న అడాస్ కార్లలో ఏదీ స్వయంచాలకతలో రెండో స్థాయిని దాటదు, అంటే ప్రతి క్షణం బాధ్యత డ్రైవరుదే. అయినా ఉపయోగం ఉంది. ఐదు గంటల ప్రయాణంలో స్పీడోమీటర్‌నూ పాదాన్నీ కనిపెట్టుకునే చాకిరీ తగ్గితే, మిగిలిన ధ్యాస దూరాన ఉన్న లారీ మీదికీ అద్దాల మీదికీ పోవాలి. ఆ మిగులు ఫోన్ మీదికి పోతే సాయం ప్రమాదంగా మారుతుంది. తేడా అంతా ఆ మిగులును ఎక్కడ ఖర్చు పెడతామన్న దాంట్లోనే. కారణం లేకుండా బ్రేకు పడి వెనకవాడు గుద్దుతాడన్న భయమూ ఉత్తిది కాదు, అలా జరిగిన సందర్భాలున్నాయి. అప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే చాలా కార్లలో మన మాటే చెల్లుతుంది. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. వెనక బండి మరీ అంటుకుని వస్తుంటే దాన్ని ముందుకు పోనిచ్చెయ్యాలి.

మరి ఈ కొలత ఎలా తెలుస్తుంది? పనివాడిని పెట్టుకున్నట్టే, ఒక్కొక్కరినీ విడిగా చూసుకోవాలి. ఎమర్జెన్సీ బ్రేకు, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక రెండింటినీ మొదటి రోజు నుంచీ ఆన్‌లోనే ఉంచాలి, వాటిని పరీక్షించబోకూడదు. కూత విసిగిస్తే ఆపేయకుండా సెట్టింగ్‌లో శబ్దం తగ్గించాలి, లేదా స్టీరింగ్ వణుకుకు మార్చుకోవాలి. క్రూయిజ్ కంట్రోల్‌ను పగటిపూట, రద్దీ లేని చోట, ఎక్కువ ఎడం పెట్టుకుని, పాదం బ్రేకు మీద ఆనీ ఆనకుండా ఉంచి వారం పాటు చూడాలి. స్టీరింగ్ సాయం దాని తర్వాతే. ప్రతి దాని గురించి నాలుగు సంగతులు తెలియాలి: ఏం చూస్తుంది, ఏం చూడదు, ఎంత గట్టిగా బ్రేకు వేస్తుంది, తప్పుకునేటప్పుడు మనకెలా చెబుతుంది. ఈ నాలుగోదాన్నే చాలామంది పట్టించుకోరు. గీతలు చెరిగిపోయిన చోట, కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చగా వెలిగే స్టీరింగ్ బొమ్మ చప్పుడు లేకుండా తెల్లగా మారిపోతుంది, అంతే. ఆ క్షణం నుంచి స్టీరింగ్ మనదే. ఆ చిన్న బొమ్మ రంగు గమనించడం అలవాటైన డ్రైవరుకు యంత్రం మీద సరైన నమ్మకం కుదిరినట్టు. నెల గడిచాక మళ్లీ ఒకసారి తన చేతులు ఎక్కడున్నాయో, చూపు ఎటు పోతోందో తనే చూసుకోవాలి. ఎందుకంటే పట్టు సడలేది అప్పుడే.

ఈ చదువు ఒక్కరికి చాలదు. మన ఇళ్లలో కారు కొన్నది తండ్రి, రోజూ నడిపేది డ్రైవరు, పండక్కి తీసుకుపోయేది అల్లుడు. షోరూమ్‌లో చెప్పిన నాలుగు ముక్కలు తండ్రి దగ్గరే ఆగిపోతాయి. కొత్త బండి తీసుకునే రోజున నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండ వేసి ఫొటో దిగుతాం. బండి క్షేమంగా ఉండాలని, ఎక్కినవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలని మనసారా కోరుకునే వేళ అది. ఆ వేళకే ఇంకో అరగంట కలపమని షోరూమ్‌ను అడగాలి. బండి నడపబోయే ప్రతి ఒక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఇది దీనికి కనపడుతుంది, ఇది కనపడదు, ఇక్కడ నీ కాలే దిక్కు అని చెప్పించాలి. అలా తెలుసుకున్నవాడు మొదటాయనలా సాయాన్ని పారేసుకోడు, రెండో ఆయనలా చేతులు ఒళ్లో పెట్టుకోడు. రాత్రి రెండు గంటలకు దూరాన చీకటి ముద్దలా ఏదో తోచగానే, యంత్రం చూసిందో లేదో అని ఎదురుచూడకుండా బ్రేకు మీద కాలు వేస్తాడు.